మంచు సెలవులు, ఇంటి పండుగలు



మన తెలుగున మంచు అను మాట కలదు. తెల్లవాఱుజామున వరికంకుల కొనలను వ్రేలాడు నీటిబొట్టును మంచు అందుము. ధనుర్మాసమున కాలువగట్లను క్రమ్మి యెదుటి మనిషి కానరాకుండ చేయు తెల్లని పొగను మంచు అందుము. హిమాలయ శిఖరములపై ఎన్నడును కరగక నిలుచు తెల్లని రాశియు మనకు మంచే. సంస్కృతమున అమరకోశకారుడు దీనికి అవశ్యాయము, నీహారము, తుషారము, తుహినము, హిమము మొదలగు పెక్కు పేరులు చెప్పి, మంచు ప్రోగుపడినచో దానికి హిమాని యను పేరు వేఱుగ నిచ్చినాడు. ముప్పదియేండ్లకు పైగా నేను బడిలో ఈ పదములను పిల్లలచే వల్లె వేయించితిని. హిమాని యనగా నేమో కన్నులార చూచినది మాత్రము 2022వ సంవత్సరపు శీతకాలమున, అమెరికా దేశమున, మా అమ్మాయి యింట.

ఆ హిమానిని వర్ణించుట నా యుద్దేశము కాదు. మన గ్రామములలో నేడు పెక్కు కుటుంబముల పిల్లలు సముద్రములు దాటి కాపురములు చేయుచున్నారు. సాయంకాలము రచ్చబండయొద్ద నలుగురు పెద్దలు చేరినచో మాటలు తిరిగి తిరిగి యొక ప్రశ్నయొద్ద నిలుచును. "మన మనుమలకు సంక్రాంతి యనగా తెలియునా? గొబ్బెమ్మ యనగా తెలియునా? ఆ మంచు దేశమున వారికి పండుగ యేది?" ఈ ప్రశ్నలో కుతూహలము కంటె దుఃఖమే యెక్కువ. ఒక శీతకాలమెల్ల అచ్చట నుండి చూచి వచ్చినవాడను గనుక, చూచినది చూచినట్లు మీకు నివేదింతును.

మా అమ్మాయి కాపురమున్నది బఫలో నగరమున. న్యూయార్కు రాష్ట్రమునకు పడమటి కొనను, ఈరీ యను మంచినీటి మహాసరస్సునకు తూర్పు కొనను ఆ నగరము కలదు. సరస్సు పొడవు సుమారు 240 మైళ్లు. అచ్చట మంచు మెండుగ కురియుటకు ఆ సరస్సే కారణము. వేసవి యెండను త్రాగిన నీరు కార్తిక మార్గశిరములలో గూడ కొంత వెచ్చగనే యుండును. అప్పుడు మిక్కిలి చల్లని గాలి ఆ నీటిమీదుగా వీచును. పొయ్యిమీది యెసటినుండి లేచినట్లు నీటినుండి ఆవిరి లేచి గాలిలో కలియును. గట్టు చేరునప్పటికి మంచై నేలపై రాలును. గాలి సరస్సు పొడవున వీచిన దినమున బఫలో నగరమునకు మంచు ముప్పు. ఇందొక వింత కలదు. ఈ మంచు మేఘము ఇరుకైన పట్టీవలె సాగును. ఒక యూర మనిషి మునుగునంత పడగా, పది పండ్రెండు మైళ్ల దూరమున మఱియొక యూర పాదము మునుగునంతయు పడకపోవచ్చును. సరస్సు గడ్డకట్టినచో ఆవిరి లేచుట తగ్గును. దానితో ఆ మంచును తగ్గును. ఏడాదికి సగటున అచ్చట కురియునది ఇంచుమించు 95 అంగుళములు, అనగా ఎనిమిది అడుగులు. అదియంతయు నీరనుకొనరాదు. మంచు దూదివలె గాలిని ఇముడ్చుకొని యుండును. పది అంగుళముల మంచు కరగినచో సుమారు ఒక అంగుళము నీరు వచ్చును.

అట్టి ప్రదేశమున బడులకు మంచు సెలవు అను నొక సెలవు కలదు. అది పంచాంగమున లేదు. సెలవుల జాబితాలో దాని తేదీ లేదు. తెల్లవాఱకమునుపే బడుల యధికారి దారుల స్థితి విచారించి, పిల్లలను తెచ్చు బండ్లు నడచునో నడవవో నిశ్చయించును. పూర్వము ఈ వార్తను రేడియోలో చదువుచుండిరి. ఒక్కొక్క బడి పేరు వరుసగ వినవచ్చుచుండ, తమ బడి పేరు వచ్చునా యని పిల్లలు పెట్టెయొద్ద చెవియొగ్గి కూర్చుండెడివారు. నేడా వార్త తల్లిదండ్రుల చేతిలోని ఫోనునకే వచ్చును. ఆ రాష్ట్రమున బడి ఏడాదికి 180 దినములు జరుగవలయునను నియమము కలదు గనుక, మంచుకు పోవు దినములకై ముందే కొన్ని దినములను అదనముగ నేర్పఱచుకొందురు. కర్షకుడు చీడకు పోవునని కొన్ని గింజలెక్కువ చల్లునట్లు ఇదియు నొక మెలకువ.

సెలవు రావలయునని పిల్లలు చేయు తంత్రములు వినదగినవి. రాత్రి తొడుగుకొను బట్టలను తిరగవేసి తొడుగుకొందురు. తలగడ క్రింద చెంచా పెట్టుకొని నిద్రింతురు. అట్లు చేసినచో తెల్లవాఱునప్పటికి మంచు పడునని వారి నమ్మకము. ఎనిమిదేండ్ల మా మనుమరాలు నా తలగడ క్రిందను ఒక చెంచా పెట్టినది. నేను నవ్వి, మన యూళ్లలో వానలు వెనుకబడినప్పుడు పిల్లలు రోకటికి కప్పను కట్టి, యింటింట నీళ్లు పోయించుకొనుచు తిరుగు కప్పతల్లి యాటను గుఱించి చెప్పితిని. "కప్ప మాట వాన వినునా తాతయ్యా?" అని యడిగినది. "చెంచా మాట మంచు వినినంత వినును" అంటిని. ఆ సమాధానము దానికి తృప్తిగ నుండెను.

2022 నవంబరు 17వ తేదీనుండి కురిసిన మంచు ఆ నగరమునకు దక్షిణపు ఊళ్లు కొన్నింటిలో ఆఱడుగులు దాటినది. మా అమ్మాయి యింటియొద్ద అంత పడలేదు గాని, బడికి మాత్రము సెలవు వచ్చినది. ఆ దినమున యింటివారు చేసిన పనులను వరుసగ చూచితిని. మొదట అల్లుడును పిల్లలును పారలు చేతబట్టి వాకిటి మంచు తీసిరి. ఐదేండ్ల మనుమనికి గూడ వాని చేతికి తగిన చిన్న పార యుండెను. తమ వాకిలి కంటె ముందు ఎదుటి యింటి ముసలమ్మగారి వాకిలి శుభ్రము చేసిరి. అట్లు చేయుట ఆ యింట కట్టడి. ఆ పని ముగియువఱకు ఆట లేదు. పిమ్మట లోనికి వచ్చి మిరియాల పాలు త్రాగిరి. ఆ పిమ్మట మా అమ్మాయి యొక నల్లని గుడ్డను చలిలో నుంచి తెచ్చి, వాకిట పట్టి, రాలుచున్న మంచు రేణువులను దానిపై పడనిచ్చి, పిల్లలకు భూతద్దమిచ్చినది.

ఆ భూతద్దములో నేనును చూచితిని. ప్రతి రేణువునకును ఆఱు చేతులు! ఎవరో కంసాలి కూర్చుండి చెక్కినట్లు ఒక్కొక్క చేతిపై చిన్న చిన్న కొమ్మలు. ఈ యాఱు కోణములకు కారణమేమని ఖగోళ శాస్త్రజ్ఞుడు కెప్లరు 1611లోనే యొక చిన్న గ్రంథము వ్రాసినాడు. నీటియందలి అణువులు గడ్డకట్టునప్పుడు ఆఱేసి మూలల చట్రములుగా కూడుటయే కారణమని నేడు తెలిసినది. ఇంకొక ముచ్చట మీవంటి కర్షకులు ప్రత్యేకముగ వినదగినది. వెర్మాంటు రాష్ట్రమున జెరికో యను పల్లెలో విల్సన్ బెంట్లీ యను రైతు యుండెను. ఆయన సూక్ష్మదర్శినికి కెమెరాను జోడించి, 1885 జనవరి 15వ తేదీన ఒక మంచు రేణువును ఛాయాచిత్రము తీయగలిగినాడు. 1931లో మరణించులోపల ఐదువేలకు పైగ చిత్రములు తీసినాడు. సేద్యము మానలేదు, చిత్రములును మానలేదు. చలికాలమున ఆకాశమునుండి యుచితముగ రాలుదానిని తలయెత్తి చూచుటయే ఆయన చేసిన తపస్సు.

నా భార్య ఆ భూతద్దములో చూచి, "ఇది చుక్కల ముగ్గే గదా!" అన్నది. నిజమే. నడుమ నేడు చుక్కలు పెట్టి, ఇరువైపుల నొక్కొక్కటి తగ్గించుచు నాలుగు వఱకు వచ్చినచో ఏర్పడునది ఆఱు మూలల ముగ్గు. ఆమె నల్లకాగితముపై సుద్దతో చుక్కలు పెట్టి చూపగా, మనుమరాలు ఒకవైపు మంచు రేణువును, ఇంకొకవైపు ముగ్గును వ్రాసినది. ఎన్నిమాఱులు చెప్పినను ముగ్గునందు మనసు నిలుపని పిల్ల ఆనాడు మధ్యాహ్నము వఱకు పది ముగ్గులు నేర్చినది. అమ్మమ్మ యిచ్చిన పాఠమునకు ఆకాశము సాక్ష్యము పలికినది గనుక నేర్చినది.

ఈ సందర్భమున ఉపాధ్యాయుడనుగ నొక మాట చెప్పవలసియున్నది. 2020 నాటి మహమ్మారి తరువాత, మంచు దినమున గూడ పిల్లలను యింటినుండియే కంప్యూటరు ముందు కూర్చుండబెట్టి పాఠములు చెప్పుట కొన్ని చోట్ల మొదలైనది. న్యూయార్కు నగరమున 2024 ఫిబ్రవరి 13వ తేదీన అట్లు చేయబోగా, అందఱు నొక్కసారి ప్రవేశింపబోవుటచే యంత్రములు మొరాయించి పెక్కురు పిల్లలు పాఠము నందుకొనలేకపోయిరి. యంత్రములు చక్కగ నడచినను నా యభిప్రాయము మాఱదు. పుస్తకములోని పాఠమునకు ఏడాదిలో ఇంకను దినములు కలవు. తండ్రితో పార పట్టుటకును, అమ్మమ్మయొద్ద ముగ్గు నేర్చుటకును మంచు దినము వంటి దినము అరుదు.

ఇక పండుగల మాట. బఫలో నగరము భూమధ్యరేఖకు ఉత్తరముగ దాదాపు 43 అంశలమీద నున్నది. డిసెంబరు 21, 22 తేదీల ప్రాంతమున అచ్చట పగలు సుమారు 9 గంటలే. మన గోదావరి తీరమున ఆ దినములలో గూడ 11 గంటల పగలుండును. మధ్యాహ్నము నాలుగున్నర దాటగనే దీపము పెట్టవలసిన దేశమున, సూర్యుడు తిరిగి ఉత్తరమునకు మఱలుట యెంతటి శుభవార్తయో ఊహింపుడు. మన సంక్రాంతియు ఆ మఱలుటకు సంబంధించిన పండుగయే. విషువత్తులు వెనుకకు జరుగుట చేత, సుమారు డెబ్బది యేండ్లకు ఒక దినము చొప్పున, మకర సంక్రమణము నిజమైన ఉత్తరాయణమునకు ఎడమై నేడు జనవరి నడుమకు వచ్చినది. పూర్వపు రోమకుల లెక్కలో డిసెంబరు 25 కూడ సూర్యుడు మఱలు దినమే. ఇట్లు చూచినచో, శిశిరపు చీకటిలో వెలుగును తలచుకొనుట యే యొక్క జాతి సొత్తును కాదు.

అమెరికాలో క్రిస్మస్ అనాదినుండి యిట్లే యున్నదని మనము తలంతుము. అది సరికాదు. మసాచుసెట్సు వలసలో 1659లో ఆ పండుగ చేసినవారికి ఐదు షిల్లింగుల జుల్మానా విధించు శాసనము చేసిరి. 1681లో దానిని రద్దుచేసిరి. దీపములతో నలంకరించు దేవదారు జాతి చెట్టు జర్మను దేశీయుల యాచారము. విక్టోరియా రాణి కుటుంబము ఆ చెట్టు చుట్టును నిలిచియున్న చిత్రమొకటి 1848లో లండను పత్రికలో వెలువడిన పిమ్మటనే అది ఇంగ్లండునను, దాని వెనుక అమెరికాలోను ఇంటింటికి ప్రాకినది. కేంద్ర ప్రభుత్వము క్రిస్మసును సెలవు దినముగ జేసినది 1870లో. అనగా, నేడు మనము స్థిరమనుకొను ఆచారము గూడ వలస వచ్చిన కుటుంబములు మూటగట్టి తెచ్చుకొన్న చిన్న చిన్న ఆచారముల కూడికయే. మన పిల్లలును ఆ వరుసలో నిలిచిన వలసదారులే గదా!

మా అమ్మాయి యింట ధనుర్మాసము మొదలైన నాటినుండి ప్రొద్దున దీపము, పొంగలి నైవేద్యము. వారాంతమున పిల్లల ముచ్చటకై యొక చిన్న చెట్టును తెచ్చి దీపములు పెట్టిరి. దానిని చూచి నేనేమందునో యని అమ్మాయి నా ముఖము వంక చూచినది. "బడిలో తోడి పిల్లలందఱు చెప్పుకొను వేడుక, నాన్నగారూ. వద్దని వీరిని దూరముగ నుంచలేను" అన్నది. ఆ మాటలో నొక తల్లి యిబ్బంది యంతయు కలదు. నేను బదులు చెప్పక, ఆ చెట్టుకొనకు కట్టుటకు పిల్లలు చేయుచున్న కాగితపు నక్షత్రమునకు జిగురు పూసి యిచ్చితిని.

ఎదుటి యింటి ముసలమ్మగారు పోలండు దేశపు సంతతి. బఫలో నగరమున పోలండునుండి వచ్చినవారి కుటుంబములు వేలకొలది కలవు. ఆమె ఒంటరి. కుమారుడు దూరపు రాష్ట్రమున నుండెను. డిసెంబరు 23వ తేదీన ఘోరమైన తుపాను రాగలదని వాతావరణ శాఖవారు కొన్ని దినములు ముందుగనే హెచ్చరించిరి. అల్లుడు 22వ తేదీ సాయంకాలమే పోయి, ఆమెను బ్రతిమాలి మా యింటికి తీసికొనివచ్చినాడు. ఆమె చేతిసంచిలో మందులును, ఒక పలుచని కాగితపు పొట్లమును మాత్రము తెచ్చుకొన్నది.

మా అమ్మాయి ఆసుపత్రిలో నర్సు. 23వ తేదీ తెల్లవాఱకమునుపే పనికి పోయినది. ప్రొద్దెక్కునప్పటికి గాలి మొదలైనది. అల్లుడు కిటికీ యొద్ద నిలిచి చూచుచుండ, ఎదుటి యిల్లు, వీధి దీపము, మా వాకిటి మెట్లు ఒకదానివెంట నొకటి కనుమఱుగైనవి. బండ్లు నడపరాదని ఆజ్ఞ వెలువడినది. రాత్రి పనికి రావలసిన నర్సులు దారులు మూసికొనిపోవుటచే రాలేకపోయిరి. అమ్మాయి ఫోనులో, "నేను బయలుదేఱను. ఇక్కడి రోగులను విడిచి వచ్చుటకు వీలులేదు. వచ్చినను దారిలోనే చిక్కుకొందును. పిల్లలు జాగ్రత్త" అన్నది. ఆ మాట యెంత వివేకముతో గూడినదో పిమ్మట తెలిసినది. ముప్పది గంటలకు మించి యెడతెగక వీచిన ఆ మంచు తుపానులో ఈరీ మండలమున నలుబదిమందికి పైగ మరణించిరి. కొందఱు దారిలో బండ్లలోనే చిక్కుకొనిరి. కొందఱు వేడి లేని యిండ్లలో. కొందఱు మంచు త్రవ్వుచు గుండె యాగి. కొందఱు వైద్యసహాయ మందక. విమానాశ్రమమువద్ద నాలుగు దినములలో కొలిచిన మంచు నాలుగడుగులు దాటినది.

ఆ రాత్రి మా వీధిలో విద్యుచ్ఛక్తి ఆగిపోయినది. వేడి గాలిని ఇంటిలోనికి నెట్టు యంత్రమును ఆగినది. ఆఱుగురమును ఒకే గదిలో చేరి, ఉన్న దుప్పట్లన్నియు కప్పుకొంటిమి. అల్లుడు వంటపొయ్యిని వంటకు మాత్రమే వెలిగించి వెంటనే ఆర్పుచుండెను. మూసిన యింట చలి కాచుకొనుటకు దానిని మండనిచ్చినచో వాసన లేని విషవాయువు ప్రాణము తీయగలదు. ఇటువంటి చోట పిల్లలను భయపడకుండ నుంచుట పెద్దల పని. నేల మీద సుద్దతో గళ్లు గీసి, చింతపిక్కలు లేకున్నను చిక్కుడు గింజలను అరగదీసి, అష్టాచెమ్మ ఆడితిమి. ముసలమ్మగారు మా మనుమనికంటె ముందుగ నాట నేర్చి, వాని కాయను చంపి, చేతులు చరచి నవ్వినది. నేను భారతమునుండి లక్కయింటి కథ చెప్పితిని. మంట కథ గనుక ఆ చలిలో పిల్లలకు మిక్కిలి ప్రీతి కలిగినది.

మఱునాడు 24వ తేదీ. పోలండు వారికి ఆనాటి సాయంకాలపు భోజనమే పండుగలో ముఖ్యము. దానిని విగీలియా అందురు. ఆకాశమున తొలి నక్షత్రము కనబడువఱకు వారు భోజనమునకు కూర్చుండరు. ఆ పూట మాంసము ముట్టరు. బల్లమీది వస్త్రము క్రింద కొంచెము ఎండుగడ్డి పఱతురు. అన్నింటికంటె నన్నాకర్షించినది మఱియొక నియమము. ఇంటిలో నెందఱుందురో అందఱికి పళ్లెములు పెట్టి, ఒక పళ్లెమును అదనముగ పెట్టుదురు. అనుకొనని అతిథి వచ్చి తలుపు తట్టినచో ఆతనికది. భోజనమునకు ముందు వాకిట నిలిచి అతిథికై యెదురుచూడవలయునని మన ధర్మశాస్త్రములు చెప్పిన మాట నాకు జ్ఞప్తికి వచ్చినది. రెండు దేశములవారు ఒకరి నొకరు చూడకయే ఒకే మాట నేర్చియున్నారు.

ఆనాడు నక్షత్రమెక్కడ? ఆకాశమే లేదు, కిటికీ నిండ తెలుపు. ఎప్పుడు భోజనము చేయవలయునని మనుమరాలు అడిగినది. కార్తిక సోమవారము నాడు మనమును నక్షత్ర దర్శనము చేసియే ఉపవాసము విడుతుము గదా. మబ్బు పట్టిన దినమున పెద్దలు ప్రొద్దును బట్టి నిర్ణయింతురని చెప్పితిని. ముసలమ్మగారికి అల్లుడు దానిని వివరింపగా, తన తల్లియు నట్లే చేసెడిదని ఆమె సంతోషించినది. ఐదు గంటలు దాటగనే దీపమొకటి వెలిగించి కూర్చుంటిమి. ఆమె చెప్పిన చొప్పున నా భార్య బంగాళాదుంప కూరను పిండి రేకులలో పెట్టి, కజ్జికాయలవలె మడిచి, నీటిలో ఉడికించినది. వారు దానిని పియెరోగి అందురు. పులిహోర మన వంతు. ఆమె తెచ్చిన కాగితపు పొట్లములో నున్నది అప్పడమువంటి పలుచని తెల్లని రొట్టె. దానిని ఒకరి చేతిలోనిది ఒకరు త్రుంచుకొని, ఒకరికొకరు శుభము కోరుకొనవలయును.

ఏడు పళ్లెములు పెట్టితిమి. ఉన్నది ఆఱుగురము. మనుమడు తనకు వచ్చిన రొట్టెముక్కలో సగము త్రుంచి ఆ ఏడవ పళ్లెములో పెట్టి, "ఇది అమ్మకు" అన్నాడు. దారిలో నున్నవారెవరైనను ఆ పళ్లెమునకు అతిథులేనని ముసలమ్మగారు చెప్పినది. అప్పుడు అల్లుడు కొంతసేపు మాటాడలేదు. నేను తలవంచుకొని పులిహోర కలుపుకొంటిని.

25వ తేదీ సాయంకాలమునకు మా వీధికి విద్యుచ్ఛక్తి తిరిగి వచ్చినది. 26వ తేదీన సైనికుల పెద్ద బండి యొకటి మా అమ్మాయిని వీధి మొగయందు దింపినది. మూడు దినములు నిలువుకాళ్ల మీద నున్న మనిషి. వచ్చి, స్నానము చేసి, దేవుని ముందు దీపము పెట్టి, ఆ ఏడవ పళ్లెము ముందే కూర్చుండి, గట్టిపడిన ఆ రొట్టెముక్కను తిన్నది. తన రోగులలో బంధువులు రాలేకపోయినవారికి తన ఫోనులో వారి పిల్లల మాటలు వినిపించితినని చెప్పినది. బఫలో నగరమున బండ్లపై నిషేధము ఇంకను రెండు దినములు సాగెను. కావలసినన్ని మంచు సెలవులు మిగిలినవి.

27వ తేదీన ఎండ వచ్చినది. ధనుర్మాసము గదా, గొబ్బెమ్మలు పెట్టవలయునని మనుమరాలు పట్టుపట్టినది. ఆవు పేడ యెక్కడిది? పిల్లలు మంచును ముద్దలు చేసి, వాకిట వరుసగ నిలిపి, పసుపు కుంకుమలు పెట్టిరి. గుమ్మడి పువ్వులకు మాఱుగ పసుపుపచ్చని కాగితపు పువ్వులు. తెల్లని మంచుపై తెల్లని పిండి కనబడదు గనుక, పసుపు నీళ్లతో ముగ్గు వేసిరి. అది ఆఱు మూలల ముగ్గు. మంచుతో గొబ్బెమ్మయా యని మీరనవచ్చును. మా తాతగారున్నచో వారును అందురేమో. నేను మాత్రము ఇట్లు తలంచితిని: మన యింట నున్న పవిత్రమైన వస్తువుతో మనము గౌరీదేవిని నిలుపుదుము, వారి వాకిట దేవుడు కురిపించిన వస్తువు మంచు. పసుపు కుంకుమలు మాఱలేదు. చేయుచున్న చేతులు మన పిల్లలవి. నా భార్య గొబ్బి పాట అందుకొన్నది. ముసలమ్మగారు కోటు తొడుగుకొని వచ్చి పిల్లలతో పాటు చప్పట్లు కొట్టుచు గొబ్బెమ్మల చుట్టును తిరిగినది.

జనవరి 14న భోగి. రేగుపండ్లు దొరకలేదు. అచ్చటి బురద నేలలలో పండు క్రాన్‌బెర్రీ యను ఎఱ్ఱని పుల్లని చిన్నపండ్లను, నాణెములతోను పూలఱేకులతోను కలిపి పిల్లల తలలపై పోసితిమి. మొదటి దోసిలి పోసినది ఆ ముసలమ్మగారే. మేము ఇచ్చటినుండి తీసికొనిపోయిన కొండపల్లి ఎడ్లబండిని, ఏటికొప్పాక లక్కపిడతలను అట్టపెట్టెల మెట్లపై నిలిపి బొమ్మల కొలువు పెట్టిరి. మనుమడు తన మంచు తీయు బండి బొమ్మను ఎడ్లబండి ప్రక్కను నిలిపినాడు. ఎవరును దానిని తీసివేయలేదు.

పెద్దలారా! రచ్చబండయొద్ద మీరడిగిన ప్రశ్నకు నేను చూచినంతలో సమాధానమిది. ఆ పిల్లలకు పండుగ తెలియును, ఇంటిలో ఎవరైనను చేయి పట్టి చేయించినచో. కొని తెచ్చిన పండుగ మఱునాటికి వాడును. చేతితో చేసిన పండుగను పిల్లలు మఱువరు. అచ్చటి తల్లిదండ్రులిద్దఱును ఉద్యోగములు చేయువారు. పగలు తొమ్మిది గంటలు, పని పదిగంటలు. వారికి తీరిక దొరకునది మంచు సెలవులు వంటి దినములలోనే. అట్టి దినమున మన ఫోను వారికి పోవలయును. కాని యెట్లు పోవలయును? "పూజ చేసితిరా? చెట్టెందుకు పెట్టితిరి?" అని విచారణ చేయుట తగదు. విచారణకు భయపడినవారు సమాధానము చెప్పుట నేర్తురు, ఆచారము నేర్వరు. "తల్లీ, కాగితము తీసికొనుము, ఏడు చుక్కలు పెట్టుము" అనుడు. ఒక కథ సగము చెప్పి, మిగిలిన సగము రేపని ఊరింపుడు. భోగిపండ్లు ఎందుకు పోయుదుమో, నక్షత్రము చూచి యెందుకు భుజింతుమో కారణము చెప్పుడు. ఎవరైనను ప్రయాణమై పోవుచున్నచో ఊరగాయ సీసాతోపాటు ఒక కొండపల్లి బొమ్మను పంపుడు.

ఇంకొక మాట. ఇరుగుపొరుగువారి ఆచారమును చూచి మన ఆచారము కరగిపోవునని వెఱవనక్కఱలేదు. ఆ విగీలియా రాత్రి మా మనుమలు తమ అమ్మమ్మ చెప్పిన అతిథి ధర్మమును ముసలమ్మగారి పళ్లెములో చూచిరి. అంతకుముందు వారికది వట్టి మాట.

ఈ సంక్రాంతికిని ఆ యింట ఒక పళ్లెము అదనముగ పెట్టుచున్నారని మా అమ్మాయి చెప్పుచున్నది. మన యిండ్లలోను పండుగనాడు పిల్లలు రాలేని పెద్దలు కొందఱుందురు. ఈసారి మీ వీధిలో అట్టివారెవరో కనుగొని, వారిని మీ పంక్తికి పిలువుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.